వేలూరులో మంచం దిగిన హాఫిజ్ సాబ్

రాయచోటి నుండి వేలూరు వెళ్ళే దారిలో పీలేరు, చిత్తూరు దాటి కాట్పాడి చేరేసరికి బోర్డులన్నీ తమిళంలోకి మారిపోతాయి. అయినా మన ప్రాంతాల నుండి రోగులను వెంటబెట్టుకొని వెళ్ళేవారికి ఆ ఊరు పరాయి ఊరని అనిపించదు. పాలారు వంతెన మీద నుండి కిందికి చూస్తే చాలా నెలలు నీటికి బదులు ఇసుకే కనిపిస్తుంది. వంతెన దాటితే వేలూరు. గాంధీ రోడ్డు చుట్టూ ఉన్న సందుల్లో లాడ్జీల పేర్లు, మందుల షాపుల బోర్డులు తమిళంతోపాటు తెలుగులోనూ, హిందీలోనూ, బెంగాలీలోనూ రాసి ఉంటాయి. నెలల తరబడి ఉండిపోయే రోగుల కుటుంబాల కోసం గ్యాసు స్టవ్వు, గిన్నెలు, చాపలు అద్దెకిచ్చే దుకాణాలు కూడా అక్కడ ఉన్నాయి. ఊరి ప్రధాన వృత్తి ఎదురుచూపేమో అనిపిస్తుంది. రిపోర్టు కోసం కొందరు, మంచం కోసం కొందరు, ఊరి నుండి రావలసిన డబ్బు కోసం మరికొందరు ఎదురు చూస్తూ ఉంటారు.

ముస్లింలకు ఈ ఊరితో ఉన్న సంబంధం ఆసుపత్రి కంటే పాతది. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని ఈ కోటలోనే ఉంచారు. 1806 జూలైలో కంపెనీ సిపాయిలు తిరగబడింది ఇక్కడే. సుల్తాన్ బంధువుల సమాధులు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. దక్షిణ భారత ఉలమాలలో ఎందరినో తీర్చిదిద్దిన బాఖియాతుస్సాలిహాత్ అరబీ కళాశాల వేలూరుదే. 1924లో ఏర్పడిన ఉమరాబాద్ జామియా దారుస్సలాం కూడా ఈ పాలారు లోయలోనిదే. విద్య కోసం ఈ దారిన ప్రయాణించిన తెలుగు ముస్లిం యువకుల సంఖ్య తక్కువేమీ కాదు. ఈసారి మా ప్రయాణం మాత్రం విద్య కోసం కాదు, మా మదరసాలో హిఫ్జ్ బోధించే హాఫిజ్ సాబ్ కోసం.

హాఫిజ్ సాబ్ వయస్సు అరవై రెండు. ఒక ఫజ్ర్ నమాజు తరువాత పిల్లల పాఠం వింటూ ఉండగా ఆయన నోరు ఒకవైపుకు వంగింది. చేతిలోని కలం జారిపోయింది, మాట ఆగిపోయింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోవడంతో శరీరంలోని కుడి సగం చచ్చుబడింది. మన ఊళ్ళల్లో పక్షవాతం అంటారు. ముందు సమీప పట్టణంలోని ఒక ఆసుపత్రిలో పదహారు రోజులు ఉంచారు. అక్కడ ప్రాణం నిలిచింది, అల్హమ్దులిల్లాహ్. అయితే ఆ పదహారు రోజులూ ఎలా గడిచాయో ఇక్కడ చెప్పవలసి ఉంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఉదయం అరగంటసేపు ఒకరు వచ్చి కాళ్ళూ చేతులూ వంచి, చాచి వెళ్ళేవారు. మిగిలిన వేళంతా మంచమే. శిష్యులు వంతులవారీగా ఇద్దరేసి ఉండేవారు. వారి ఖిద్మత్‌ను చూసినవారెవరైనా ముచ్చట పడవలసిందే. ఉస్తాద్ కన్ను కదిపితే చాలు, దుప్పటి సర్దేవారు. అన్నం కలిపి నోటిలో పెట్టేవారు, గడ్డం దువ్వేవారు, కాళ్ళు ఒత్తేవారు. ఆయన ఎడమచేయి నీళ్ళ గ్లాసు వైపు కదిలేలోగా గ్లాసు పెదవుల దగ్గరికి వచ్చేది. పరామర్శకు వచ్చిన పెద్దలు, "ఇలాంటి శిష్యులు దొరకడం అదృష్టం" అని దుఆ చేసి వెళ్ళేవారు. ఒకాయన జమ్‌జమ్ నీళ్ళ సీసా తెచ్చి, పడుకొని ఉన్న మనిషి నోటిలో పోయబోతుంటే నర్సు పరుగెత్తుకొచ్చి ఆపింది. ఆయనకు కోపం వచ్చింది గాని నర్సు చేసిందే సరైన పని. పక్షవాతంలో మింగే శక్తి కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు నీరు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు దారితీస్తుంది. ఎంత పవిత్రమైన నీరైనా, మింగడం పరీక్షించి వైద్యులు అనుమతించిన తరువాతే, రోగిని నిటారుగా కూర్చోబెట్టి, గుటక గుటకగా ఇవ్వాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా ఎన్నో ఇళ్ళకు మేలు జరుగుతుంది.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ప్రధాన ఆసుపత్రి ఊరి నడిబొడ్డున ఉంది. పునరావాస చికిత్సా కేంద్రం మాత్రం ఊరికి దూరంగా, కళాశాల ఉన్న బాగాయం వైపున, కొండల దాపున ఉంది. దాని వెనుక ఒక మనిషి కథ ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్ ఈ కళాశాలలోనే చదివిన యువ వైద్యురాలు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె ఇంటికి వెళ్ళి మంచం పట్టలేదు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తరువాత న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకొని తిరిగివచ్చింది. 1966లో ఈ కేంద్రం ప్రారంభం కావడం వెనుక ఉన్న కృషి ఆమెదే. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. కదలలేని మనిషి చేత ఏం చేయించవచ్చో చెప్పడానికి ఆమెకంటే అర్హులెవరు?

వ్యాయామశాలలో అడుగుపెట్టిన కొత్తవారికి అది ఆసుపత్రిలా అనిపించదు. నేలమీద వెడల్పాటి పరుపులు, రెండువైపులా పట్టుకొని నడిచేందుకు సమాంతర కడ్డీలు, నాలుగైదు మెట్లున్న చెక్క నిచ్చెనలు, గోడలకు నిలువెత్తు అద్దాలు. ఒక మూల ఒక వృద్ధుడు మంచం అంచున కూర్చొని లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం సాధన చేస్తున్నాడు. మరో మూల ఒక బెంగాలీ తల్లి తన కొడుకు చేతిలో బఠానీ గింజలు పోసి ఒక్కొక్కటే గిన్నెలో వేయిస్తోంది. ఆ గింజ కింద పడితే ఆమె తీయదు, వాడే వంగి వెతుక్కోవాలి. మొదట చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

హాఫిజ్ సాబ్‌ను చూసుకున్న ఫిజియోథెరపిస్టు గుడియాత్తం వైపు యువకుడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. మొదటి రోజే అతడు పెద్ద శిష్యుణ్ణి పిలిచి, "నిన్న పొద్దున నుండి రాత్రి దాకా మీ ఉస్తాద్ ఏమేం చేశారో చెప్పు తమ్ముడూ" అన్నాడు. శిష్యుడు ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ముఖం కడిగించాము, వుజూ చేయించాము, ఇడ్లీ తినిపించాము, బట్టలు మార్చాము, పక్కకు తిప్పాము. అంతా విని ఆ యువకుడు, "ఇవన్నీ మీరు చేశారు. మరి ఆయనేం చేశారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు శిష్యుని వద్ద జవాబు లేదు.

ఇది ఒక్క హాఫిజ్ సాబ్ విషయంలో జరిగింది కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జూలీ బెర్న్‌హార్ట్ అనే పరిశోధకురాలి బృందం 5 ఆసుపత్రుల పక్షవాత విభాగాల్లో రోగులను ఉదయం నుండి సాయంత్రం దాకా ప్రతి 10 నిమిషాలకొకసారి గమనించి నమోదు చేసింది. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పగటి సమయంలో సగానికి పైగా రోగులు మంచం మీదే ఉన్నారు. మరో 28 శాతం సమయం మంచం దిగి ఊరకే కూర్చున్నారు. కోలుకోవడానికి తోడ్పడే కదలికలో గడిచింది 13 శాతం మాత్రమే. 60 శాతం సమయం వారి దగ్గర ఎవరూ లేరు. సిబ్బందికీ, సామగ్రికీ కొరత లేని దేశంలో పరిస్థితి అది. మన ఆసుపత్రుల్లో ఒంటరితనం తక్కువ. మంచం చుట్టూ మనుషులు ఉంటారు. కాని ఆ మనుషులు రోగి పనులన్నీ తామే చేసేస్తుంటే, అతని అవయవాలకు ఒంటరితనమే మిగులుతుంది.

చచ్చిపోయిన మెదడు కణం తిరిగి బతకదని ఆ యువకుడు శిష్యులకు వివరించాడు. చుట్టూ బతికి ఉన్న కణాలు ఆ పనిని నేర్చుకోగలవు. అయితే చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేస్తేనే నేర్చుకుంటాయి. హిఫ్జ్ పిల్లవాడు ఒక్క ఆయత్‌ను ఎన్నిసార్లు వల్లిస్తాడో చేయి కూడా ఒక్క గ్లాసును అన్నిసార్లు ఎత్తాలి. రోజుకు గంటో రెండు గంటలో జరిగే చికిత్స అందుకు చాలదు. మిగిలిన వేళల్లో తినడం, దువ్వుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, పక్కకు తిరగడం, ఇవన్నీ చికిత్సే. పైగా కదలకుండా పడుకుంటే కండరాలు కరుగుతాయి, వీపున పుండ్లు పడతాయి, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఛాతీలో కఫం పేరుకుంటుంది. ఇంకో మాట కూడా అతడు గట్టిగా చెప్పాడు. లేపేటప్పుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగకూడదు, చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. పట్టు సడలిన భుజం కీలు జారితే ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది.

చెప్పినంత తేలిక కాదు ఇది. మరునాడు నీళ్ళ గ్లాసును హాఫిజ్ సాబ్ కుడివైపున పెట్టారు. కుడిచేతిని ఎడమచేతితో పట్టి, రెండింటితో కలిపి గ్లాసు ఎత్తాలి. ఆయన ప్రయత్నించారు, గ్లాసు ఒరిగింది, కుర్తా తడిసింది. పెద్ద శిష్యుడు ఆగలేక ముందుకు వచ్చాడు. థెరపిస్టు అడ్డుచెయ్యి పెట్టాడు. శిష్యుడు బయటకు వెళ్ళి వరండాలో ఏడ్చాడు. "ఉస్తాద్ కష్టపడుతుంటే చేతులు కట్టుకొని చూడడమా? ఇది అదబ్ ఎలా అవుతుంది?" అన్నది అతని బాధ. ఆ బాధలో తప్పేమీ లేదు. గురువు చెప్పులు సర్దడం గౌరవంగా భావించే సంప్రదాయంలో పెరిగిన పిల్లవాడు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చొని శిష్యులతో కలిసి వారు ఎప్పుడో చదివిన పాఠాన్నే మళ్ళీ తెరిచాము. ఫిఖ్హ్ గ్రంథాల్లో రోగి నమాజు అనే అధ్యాయం ఉంటుంది. దాని మూలం హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖించిన హదీసు. అనారోగ్యంలో ఉన్న ఆయనకు దైవప్రవక్త (స) నేర్పిన క్రమం ఏమిటి? నిలబడగలిగితే నిలబడాలి, లేకపోతే కూర్చోవాలి, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి చేయాలి. దీన్ని మనం సాధారణంగా రాయితీగానే చదువుతాము. హనఫీ విద్వాంసులు దాన్ని రెండోవైపు నుండి కూడా చదివారు. కర్రకో గోడకో ఆనుకొని నిలబడగల మనిషి అలాగే నిలబడాలన్నారు. నమాజు మొత్తం నిలబడలేకపోయినా తక్బీర్ చెప్పేంతసేపు నిలబడగలిగితే అంతసేపు నిలబడి, తరువాత కూర్చోవాలన్నారు. కూర్చొని రుకూ, సజ్దాలు చేస్తున్న వ్యక్తికి నమాజు మధ్యలో నిలబడే శక్తి వస్తే, మిగిలినది నిలబడి పూర్తి చేయాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. అంటే శక్తి లేనిచోట భారం లేదు, ఉన్న శక్తిని కూర్చోబెట్టే అనుమతీ లేదు. "ఉస్తాద్ నిలబడగలిగినంతసేపు ఆయన్ను కూర్చోబెట్టడానికి మనమెవరం?" అని అడిగాము. పెద్ద శిష్యుడు మాట్లాడలేదు. మరునాడు ఉదయం వుజూ వేళ మాత్రం మగ్గును తాను పట్టుకోకుండా ఉస్తాద్ ఎడమచేతికి అందించి నిలబడ్డాడు. ఆ వుజూకు పావుగంట పైగా పట్టింది.

ఇక్కడ ఒక మాట. నమాజు ఎంత మంచి వ్యాయామమో లెక్కలు వేసి చెప్పే ప్రసంగాలు మాకు అంతగా రుచించవు. నమాజు ఆరాధన. దానిని కసరత్తుగా పొగడవలసిన అవసరం లేదు, నమాజు ఉంది కదా అని ఫిజియోథెరపీ మానవలసిన పనీ లేదు. హాఫిజ్ సాబ్‌కు శరీరం తూకం నిలవదు కనుక నేలమీది సజ్దాకు అప్పటికి అనుమతి లేదు. కుర్చీలో కూర్చొని, రుకూకు కొంత, సజ్దాకు మరికొంత ఎక్కువ వంగి సైగలతో చేసేవారు. ఫర్జ్ నమాజుల్లో ముందున్న కడ్డీని పట్టుకొని తక్బీర్ మాత్రం నిలబడి చెప్పడం మూడోవారంలో మొదలైంది, అదీ వెనుక ఒక మనిషి సిద్ధంగా ఉన్నప్పుడే.

మాట సంగతి వేరు. కొడుకు పేరు చెప్పమంటే ఆయన పెదవులు కదిలేవి, పేరు వచ్చేది కాదు. కన్నీళ్ళు వచ్చేవి. ఒక రాత్రి ఒక చిన్న శిష్యుడు మంచం పక్కన సూరె యాసీన్ చదువుతూ ఒకచోట ఆగాడు. ఆయన అందుకొని తరువాతి ఆయత్‌లు స్పష్టంగా చదివారు. వార్డులో ఉన్న మన తెలుగువారు గుమిగూడారు, కరామత్ అన్నారు. స్పీచ్ థెరపిస్టు మాత్రం ఆశ్చర్యపోలేదు. అంకెల వరుస, ప్రార్థనలు, చిన్నప్పటి నుండి కంఠస్థమైనవి కొందరు రోగుల్లో అలా నిలిచి ఉంటాయని, మాట్లాడే మాటకూ వల్లించే మాటకూ మెదడులో దారులు కొంత వేరని చెప్పారు. అల్లాహ్ కారుణ్యం కానిదేదీ లేదు. అయితే ఆ కారుణ్యం పేరుతో మాటల సాధన ఆపేద్దామన్నవారిని ఆపవలసి వచ్చింది. మరో మేలు కూడా జరిగింది. థెరపిస్టు ఆ కంఠపాఠాన్నే గడియారం చేశాడు. ఒక ఫాతిహా అంతసేపు కడ్డీ పట్టుకొని నిలబడడం, తరువాత కూర్చోవడం, మళ్ళీ లేవడం. వారం తిరిగేసరికి ఫాతిహా తరువాత సూరె జుహా కూడా చేరింది.

హాఫిజ్ సాబ్ పెద్దకొడుకు కువైట్‌లో ఉంటాడు. కడప, రాయచోటి ఇళ్ళకు కువైట్ అంటే పక్క వీధి. ఇరవై రోజుల సెలవుపై వచ్చి, తాను తిరిగి విమానమెక్కేలోగా తండ్రి నడవాలని పట్టుబట్టాడు. అయిదు నిమిషాల నడక చాలదని, ఒక సాయంత్రం కడ్డీల మధ్య పది చుట్లు తిప్పబోయాడు. నాలుగో చుట్టుకే మోకాలు వంగింది. పక్కనే మనిషి ఉండబట్టి పడలేదు. పిల్లల ప్రేమ అటు మంచానికి కట్టేయనూ గలదు, ఇటు పరుగెత్తించనూ గలదు. పక్షవాతం వచ్చిన తొలి 24 గంటల్లోనే రోగులను లేపి ఎక్కువెక్కువగా కదిలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2104 మందిపై పెద్ద పరిశోధన జరిగింది. 2015లో వచ్చిన ఫలితం చాలామంది ఊహకు భిన్నంగా ఉంది. మూడు నెలల తరువాత బాగా కోలుకున్నవారు మామూలు పద్ధతిలో 50 శాతం ఉంటే, తొందరగా, ఎక్కువగా కదిలించినవారిలో 46 శాతమే. తరువాత ఆ వివరాలను మరింత లోతుగా విశ్లేషించినప్పుడు, కదలిక కొద్దికొద్దిగా, ఎక్కువసార్లుగా ఉండడం మేలని తేలింది. హాఫిజ్ సాబ్ ఆ తొలి గంటలు ఎప్పుడో దాటారు కనుక ఆ అంకెలు నేరుగా ఆయనకు వర్తించవు. కాని కొద్దిగానైనా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు ప్రియమైనదని చిన్నప్పుడే నేర్చుకున్న ఇంటివారికి ఆ లెక్క కొత్తగా తోచదు. కొడుకు ఆ రాత్రి థెరపిస్టు దగ్గర కూర్చొని ఎప్పుడెంత చేయాలో కాగితం మీద రాయించుకున్నాడు.

ఇంటివారే అంతా నేర్చుకొని చేసుకుంటే ఆసుపత్రి ఎందుకని అడిగేవారు కూడా ఉన్నారు. ఖర్చు చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులపై ఈ విషయం పరీక్షించారు. కుటుంబ సభ్యునికి శిక్షణ ఇచ్చి ఇంటి వద్ద వ్యాయామాలు చేయించారు. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం ఆరు నెలల తరువాత మరణించినవారు, పరాధీనంగా మిగిలినవారు రెండు వర్గాల్లోనూ దాదాపు 47 శాతమే. అదనపు శిక్షణ వల్ల తేడా కనబడలేదు. అందువల్ల ఇంటివారి శ్రమ వృథా అని మేము అనుకోము. మన ఇళ్ళల్లో ఏ శిక్షణ లేకుండానే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయిస్తూనే ఉంటారు. కాని నాలుగు మాటలు నేర్పి ఇంటికి పంపితే నిపుణుడికి బదులవుతుందనే ఆశ మాత్రం నిలవదు. దగ్గరి పట్టణంలో ఫిజియోథెరపిస్టు ఉంటే వారానికి రెండుసార్లయినా తీసుకువెళ్ళాలి.

పరామర్శకు వచ్చే బంధుమిత్రులకు కూడా చెప్పుకోవలసింది ఉంది. ఇయాదత్ పుణ్యకార్యం, క్లుప్తంగా ఉండడం దాని మర్యాద. పదిమంది మంచం చుట్టూ కూర్చుంటే రోగి మర్యాద కోసం కదలకుండా పడుకుంటాడు. వచ్చినవారు "రండి హజ్రత్, బయట ఎండలో కూర్చుందాం" అని చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకువెళ్ళినప్పుడు ఆయన ముఖం వేరేగా ఉండేది. పావురం రక్తంతో మర్దన చేస్తే పట్టు వదులుతుందని సలహా ఇచ్చినవారు ఇక్కడికీ వచ్చారు. రక్తం అపవిత్రమైనది. దానివల్ల పక్షవాతం నయమైనట్లు రుజువూ లేదు. ఆ సలహాను వారి మంచి మనసుకు కృతజ్ఞత చెప్పి పక్కన పెట్టాము. కుడిచేత్తో తినలేకపోతున్నానని ఆయన సైగలతో బాధపడేవారు. ఉజ్ర్ ఉన్నవారికి ఎడమచేయి దోషం కాదని ధైర్యం చెప్పాము. అయితే పళ్ళెం జారకుండా ఆనించి పట్టే పని మాత్రం కుడిచేతిదే. రొట్టెముక్క ఒక్కటి, చివరి ముద్దగా, కుడిచేత్తో.

అయిదు వారాల తరువాత తిరుగు ప్రయాణమైనప్పుడు హాఫిజ్ సాబ్ నాలుగు కాళ్ళ ఊతకర్రతో, పక్కన ఒక మనిషి తోడు ఉండగా, వార్డు నుండి ఆటో దాకా నడిచారు. కుడిచేతి వేళ్ళు పూర్తిగా విచ్చుకోవడం లేదు. కొడుకు పేరు సగం వస్తోంది. మదరసాలో పిల్లల పాఠం వినడానికి నాలిక కంటే చెవి ముఖ్యం కనుక, పొద్దున గంటసేపు వినమని వైద్యులే అన్నారు. తప్పు చదివినప్పుడు ఆయన కుడిచేత్తోనే బల్ల మీద తట్టాలి. ఎడమచేత్తో తడితే పిల్లలు ఆగకూడదని వారికి చెప్పి ఉంచాము.

మా మస్జిద్ వుజూఖానాకు మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. కూర్చునే అరుగులు కూడా బాగా కిందికి ఉన్నాయి. కమిటీలో ఒకాయన "ఆయనకు ఇంటి నుండే వుజూ చేయించి కుర్చీలో మోసుకొద్దాం, కుర్రవాళ్ళు ఉన్నారుగా" అన్నారు. పెద్ద శిష్యుడే లేచి వద్దన్నాడు. మెట్ల పక్కన ఇనుప పైపు, ఒక ఎత్తయిన అరుగు కట్టడానికి మేస్త్రీతో మాట్లాడారు. వచ్చే జుమా తరువాత పని మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.